ఎనిమిది గంటల పళ్ళెం

పట్టపుపాళెం,
తోటపల్లి గూడూరు మండలం.
జూన్ 30, 2024.

రోజక్కకు,

ఇక్కడ అందరం క్షేమం, అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలట. పెట్టను. ఈ పాళెంలో క్షేమంగా ఉన్నది చిన్నపోలయ్య చిరుతిళ్ళ బంకు ఒక్కటే.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నీకు ఒక్క నిజం చెప్పడానికి లేదు. అమ్మ స్పీకరు నొక్కి అరుగు మీద పెడుతుంది. మన ఇంటి సంగతి వలలు బాగుచేసుకునేవాళ్ళ దాకా పోతుంది. వాళ్ళు ఊరికే వినరు, తీర్పు కూడా చెప్పి పంపిస్తారు. అందుకని కాగితం మీద రాసి, ఫోటో తీసి, నీకు పంపుతున్నాను. నువ్వూ అలాగే రాయి.

విషయం నీ కూతురు.

పోయిన వారం బడికి ఆరోగ్య పరీక్షలవాళ్ళు వచ్చారు. సుబ్బును తూకం యంత్రం ఎక్కించారు, దిగమన్నారు, మళ్ళీ ఎక్కమన్నారు. యంత్రం చెడిందేమో అనుకున్నారట. చెడలేదు. నెల్లూరు తీసుకుపోయి పిల్లల డాక్టరుకు చూపించాను. తొమ్మిదేళ్ళ పిల్ల పద్నాలుగేళ్ళ పిల్ల బరువుంది. రక్తంలో చక్కెర గీత మీద నిలబడి ఉంది, అటు పడకముందే పట్టుకోండి అన్నారు. డిసెంబరులో మళ్ళీ చూస్తారు. అప్పటికి బరువు పెరగడం ఆగితే సరే, ఆగకపోతే మాత్రలు. తొమ్మిదేళ్ళకు చక్కెర మాత్రలు, అక్కా! మన నాయన జీవితమంతా సముద్రం మీద తిరిగి, ఒక్క మాత్ర మింగకుండా పోయినాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. "బిడ్డ కాస్త ఒళ్ళు చేస్తే డాక్టరు కళ్ళు గూడా కుట్టినాయా?" అని సుబ్బుకు దిష్టి తీసింది. ఆయన దిష్టి కూడా కలిపి తీశానని నాకు ప్రత్యేకంగా చెప్పింది.

ఇప్పుడు నీ వంతు. నువ్వు పంపే పెట్టె తెరిస్తే ఏముంటుంది? చాక్లెట్లు, బిస్కెట్లు, పాలపొడి, గుండ్రటి డబ్బాలో ఆలుగడ్డ చిప్సు. ఆ డబ్బా మీద బొమ్మకు మీసాలున్నాయి, సిగ్గు మాత్రం లేదు. చిలీ దేశంలో అలాంటి డబ్బాల మీద పిల్లల బొమ్మలు వేయనివ్వరు. నల్లటి ముద్ర కొట్టి, ఇందులో చక్కెర ఎక్కువ, కొవ్వు ఎక్కువ అని చెబుతారు. మెక్సికోలో అంతే. జపాను బడుల్లో పిల్లలే గరిటె పట్టుకుని ఒకరికొకరు వడ్డించుకుంటారు. పసిఫిక్ దీవుల సంగతి చదివితే నీకు నిద్ర పట్టదు. పెద్ద దేశాలవాళ్ళు తాము తినని టర్కీ కోళ్ళ కొవ్వు తోకలన్నీ ఓడలెక్కించి ఆ దీవులకు అమ్మారు. చేపలు పట్టుకుని తినే జనం ఇప్పుడు ఆ తోకలు తిని మంచాలు పట్టారు. ఇదంతా నెల్లూరులో విజయభాస్కర్ అన్న వేసిన కరపత్రంలో ఉంది. అన్నకు జిరాక్సు షాపుంది. దేశానికి పట్టిన అదృష్టం అది.

మరి మన సంగతి? నేను మేత వేసి పెంచే రొయ్యలు మంచుపెట్టెలెక్కి ఏ దేశమో పోతాయి. అక్కడి పిల్లలు మాంసకృత్తులు తింటారు. బదులుగా ఆ లారీలే వెనక్కి వస్తూ చిన్నపోలయ్య బంకుకు పామాయిల్లో వేయించిన గాలి దింపిపోతాయి. ఆ గాలి ప్యాకెట్లు బంకుకు తోరణాల్లా వేలాడుతుంటాయి. బడి విడిచిపెట్టగానే పిల్లలు దానికి మొక్కుకుంటారు.

ఇక చాలు. ఈ రోజు నుంచి ఈ ఇంట్లో విప్లవం మొదలు. నువ్వు నాతో ఉన్నావో, ప్యాకెట్లతో ఉన్నావో తేల్చి రాయి.

తమ్ముడు
పెంచలకృష్ణ

—

సాల్మియా, కువైట్.
జూలై 12.

ఒరే పెంచలా,

నీ ఉత్తరం అందింది. ఏదో సభలో చదవాల్సింది పొరపాటున నాకు పంపావేమోనని పైన పేరు రెండుసార్లు చూసుకున్నాను. బర్గరు సంచి చించి దాని లోపలి వైపు జవాబు రాస్తున్నాను. ఈ ఇంట్లో కాగితాలకు కరువు గానీ బర్గరు సంచులకు లేదు.

దేశాలన్నీ తిరిగొచ్చావు, కువైట్ ఒక్కటి వదిలేశావే? నేను చెబుతాను విను. నేను చూసుకునే పిల్లాడు ఫహద్‌కు పదేళ్ళు. వాడికీ డాక్టరున్నాడు, వాడికీ చీటీ రాసిచ్చాడు. మధ్యాహ్నం ఉడకబెట్టిన కోడి, దోసకాయ ముక్కలు పెడతాను. వాడు కళ్ళు మూసుకుని తింటాడు. ఇంటావిడ మెచ్చుకుంటుంది. ఆవిణ్ణి ఇక్కడ "మామా" అని పిలవాలి, నీకు కోపం వస్తుందని తెలుసు, తెచ్చుకో. ఆవిడ అటు తిరగ్గానే వాడు ఫోను నొక్కుతాడు, గేటు ముందు బర్గరు బండి ఆగుతుంది. వాళ్ళ నాయనమ్మ గౌను పొడుగు చేతుల్లో దాచి ఖర్జూరాలు తెస్తుంది. భాష వేరు గానీ, చేసే పని మాత్రం మన అమ్మదే. సాయంత్రాలు వాణ్ణి నడిపించాలి. బయట నడిస్తే ఇద్దరం వేగిపోతాం కాబట్టి పెద్ద మాల్‌లో నడిపిస్తాను. అటు ఐస్‌క్రీము, ఇటు పిజ్జా, మధ్యలో మా ఆరోగ్య నడక.

కాబట్టి నాకు పాఠాలొద్దు. నువ్వు రోజుకు ఎన్ని టీలు తాగుతావో, ఒక్కో టీలో ఎంత చక్కెర వేయించుకుంటావో విజయభాస్కర్ అన్నకు తెలుసా?

సుబ్బు మీద మాత్రం ఒక మాట. అది అతిగా తింటోందని నేను నమ్మను. రోజూ మీ రాత్రి ఎనిమిదికి ఫోను చేస్తాను. ఇక్కడ టీలు ఇచ్చాక, రాత్రి వంట మొదలుపెట్టేలోగా నాకు దొరికే అరగంట అది. నా ఎదురుగా పళ్ళెం పెట్టుకుని తింటుంది. ఇంత అన్నం, చేపల పులుసు, ఒక గుడ్డు. ముద్ద ముద్దా చూస్తూనే ఉన్నాను కదరా. ఎదిగే పిల్లకు అదీ ఎక్కువేనా? బావను సముద్రం తీసుకుపోయాక, మూడేళ్ళ బిడ్డను అమ్మ ఒళ్ళో పెట్టి విమానమెక్కాను. ఆరేళ్ళయింది. అది అన్నం తింటుంటే చూడటం తప్ప నేను దానికి చేస్తున్నదేమీ లేదు.

డాక్టరు మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది. డిసెంబరుకు దాని బరువు ఆగాలి. చాక్లెట్లు ఇక పంపను. ప్యాకెట్లు మానిపించు, ఆటలాడించు, నీకు తోచింది చెయ్యి. కానీ నా బిడ్డ కడుపు మాడ్చావంటే, వీసా చించుకుని వచ్చి నీ కరపత్రాలన్నీ నీ చేతే తినిపిస్తాను.

అక్క
రోజారమణి

—

పట్టపుపాళెం.
ఆగస్టు 25.

రోజక్కకు,

విప్లవం ఉధృతంగా సాగుతోంది. నష్టాలు నావైపే ఎక్కువ.

ముందు చిన్నపోలయ్య దగ్గరికి పోయాను. "పెదనాయనా, పిల్లకాయలకు ఈ విషం అమ్మబాకు" అన్నాను.

"నువ్వు రొయ్యలకు మేతెయ్యడం లా? నేను పిల్లకాయలకు ఏస్తుండా" అన్నాడు.

"నేను చూసి వేస్తా. చెక్ ట్రే లాగి చూడందే పిడికెడు మేత వెయ్యను."

"అట్లనా? మీ సుబ్బు గూడా ఏం మిగల్చదబ్బయా. ప్యాకెట్టు నాకి మరీ ఇస్తది."

బంకు ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. జనం చైతన్యం ఆ స్థాయిలో ఉంది.

చెక్ ట్రే అంటే నీకు తెలియదు కదా. చెరువులో మేత చల్లేటప్పుడు ఒక పళ్ళెంలాంటి వల మీద కూడా కాస్త వేసి నీళ్ళలో ముంచుతాం. కాసేపయ్యాక లాగి చూస్తాం. మేత మిగిలి ఉందంటే రొయ్యల కడుపు నిండిందని అర్థం. తర్వాతి పూట తగ్గిస్తాం. తగ్గించకపోతే ఆ మేత అడుగున కుళ్ళి చెరువు చెరువే చచ్చిపోతుంది. ఒక్కో రొయ్య ఆకలి కనిపెట్టే ఈ దేశంలో పిల్లల ఆకలి కనిపెట్టేవాడు లేడు. ఈ వాక్యం విజయభాస్కర్ అన్నకు చాలా నచ్చింది.

ఇంట్లో ప్యాకెట్టు కనబడకుండా చేశాను. నీ పాత డబ్బాలు కూడా బయట పారేశాను. జపాను పద్ధతిలో సుబ్బు చేతికే గరిటె ఇచ్చాను. సాయంత్రం బడి నుంచి రాగానే సముద్రం ఒడ్డున పరుగెత్తిస్తున్నాను. పాపం, మాట వింటుంది. నీళ్ళు తాగినంత తేలిగ్గా చిప్సు మానేసింది.

అయినా బరువు ఆగలేదు! అదే నాకు అర్థం కావడం లేదు. నెలన్నరలో ఇంకా పెరిగింది. ఎలా తెలిసిందంటావా, పోయిన ఆదివారం మా చెరువులో రొయ్యల పట్టుబడి. కొనేవాళ్ళు పెద్ద కాటా తెచ్చారు. ఖాళీ దొరికింది కదా అని సుబ్బును పిలిచి కాటా మీద నిలబెట్టాను. కూలీలు, లారీవాళ్ళు, పిల్లలు అంతా చూశారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంటు అంటారు ఇక్కడ. "ఇది ఏ కౌంటు అన్నా?" అని ఒకడు అడిగితే, "పది కౌంటు" అన్నాడు ఇంకొకడు. అంటే పెద్ద రొయ్య అని. అందరూ నవ్వారు, సుబ్బు కూడా నవ్వింది. నేనైతే ఆ నవ్వుల మధ్యే వాళ్ళకు చక్కెర వ్యాధి గురించి మంచి ఉపన్యాసం ఇచ్చాను.

ఇంటి వరకే పోరాడితే గెలవలేమని తేలింది. ఊరిని కదిలించాలి. కరపత్రం రాస్తున్నాను. పిల్లకు రోజూ ఎనిమిదికి ఫోను చెయ్యి, ధైర్యం చెప్పు.

పెంచలకృష్ణ

—

సాల్మియా, కువైట్.
సెప్టెంబరు 8.

శ్రీయుత పెంచలకృష్ణ గారికి,

తమరి కరపత్రం చదివే భాగ్యం నాకూ కలిగింది. తమరు పంపలేదు, మరిచిపోయి ఉంటారు. వాకాడు రూఫస్ అన్న ఇక్కడ డ్రైవరు. కువైట్‌లో ఉన్న నెల్లూరు వాళ్ళ గ్రూపులో ఆయనే పెట్టాడు. కింద చప్పట్ల బొమ్మలు చాలా పడ్డాయి. నేనొక్కదాన్నే వేయలేదు.

"మన పాళెంలోనే ఒక తొమ్మిదేళ్ళ బాలిక ఉంది. రొయ్యల కాటా మీద నిలబెడితే కాటా మూలిగింది. తల్లి గల్ఫు దేశం నుంచి డబ్బాలకు డబ్బాలు పంపి ప్రేమ తీర్చుకుంటోంది. పెట్టుబడి విసిరిన ఎరకు ఆ పసిపాప చిక్కింది."

పేరు రాయలేదు కాబట్టి ఎవరికీ తెలియదనుకున్నావా? పాళెంలో గల్ఫులో తల్లి ఉన్న తొమ్మిదేళ్ళ బాలికలు ఎంతమందిరా? కాటా ఎక్కిన బాలికలు ఎంతమంది? ఇంకో మాట, కాటా మూలిగిందా? ఎప్పుడైనా కాటా మూలగడం విన్నావా? నీ కరపత్రానికి ఉప్పూకారం చాలక నా బిడ్డను నంజుకున్నావు.

బడిలో దాన్ని "పది కౌంటు" అంటున్నారట. రూఫస్ అన్న భార్య చెప్పింది, ఆమె పుట్టిల్లు మన పాళెమే కదా. తెలుసా నీకు? అది బడికి పోనని అమ్మ కొంగు పట్టుకుని కూర్చుందట. తెలుసా? ఇవి నీ ఉత్తరాల్లో ఎందుకు రాలేదు? చిలీ వార్తలు వచ్చాయి గదా!

ఇప్పుడు అసలు సంగతి విను. వారం నుంచి ఫోనులో అది ముఖం మాత్రమే చూపిస్తోంది. పళ్ళెం చూపించమంటే "తిన్నానమ్మా" అంటుంది. ఏం తిన్నావంటే పక్కకు చూస్తుంది. నిన్న ఫోనును నేల మీద బోర్లా పెట్టేసింది. అరగంటసేపు నేను చీకటి చూస్తూ కూర్చున్నాను. నువ్వు దాని నోటి దగ్గర అన్నం లాగేశావు, పెంచలా. బరువు ఆగాలన్నాను గానీ బిడ్డ అన్నమంటే భయపడాలనలేదు.

రేపటి నుంచి ఎనిమిదికి పళ్ళెం నా కళ్ళముందు ఉండాలి. నువ్వు పక్కనుండి తినిపించు. లేదంటే నాకు ఉత్తరాలు రాయకు.

రోజారమణి

—

పట్టపుపాళెం.
సెప్టెంబరు 15.

అమ్మకు,

నేను సుబ్బుని రాస్తుండాను. మామ కాగితం ఇచ్చినాడు. మామను తిట్టబాకమ్మా. కాటా కాడ మామకు తెలీలేదు అంతే. నేను ఆడ నవ్వినాను గదా, అందుకని తెలీలేదు.

నేను అన్నం మానలేదు. తింటుండాను. అమ్మమ్మ ఆరున్నరకే పెట్టేస్తది. వేటకు పోయే ఇళ్ళల్లో పొద్దుగూకేలోపల తినేయాల అంటది. మన ఈదిలో అందరూ అప్పుడే తింటారు. అప్పుడు నేను కడుపునిండా తింటాను. తర్వాత నువ్వు ఎనిమిదికి ఫోను చేస్తావు గదా, అప్పుడు మళ్ళీ పళ్ళెం పెడతది. తిన్నానని చెప్పబాక, అమ్మ బాధపడతది, ఆమె చూసేది అదొక్కటే అని అమ్మమ్మ చెప్పింది. అందుకని రోజూ రెండుసార్లు తింటాను. చిన్నప్పట్నుంచి అంతే.

నాకు ఆకలి ఉండదమ్మా. కానీ నేను ముద్ద పెట్టుకుంటే నువ్వు నవ్వుతావు. ముద్దకొకసారి నవ్వుతావు. తినకపోతే ఫోను పెట్టేస్తావేమో అని తింటాను.

ఇప్పుడు బడిలో పది కౌంటు అంటుండారు. అందుకని రెండోసారి తినబుద్ధి కాలా. నీకు అబద్ధం చెప్పబుద్ధి కాలా. ఫోను బోర్లా పెట్టినాను. కోపమా?

సుబ్బు

—

పట్టపుపాళెం.
సెప్టెంబరు 15, సాయంత్రం.

అక్కా,

ఫోటో తీసేటప్పుడు చదివాను. చదవకుండా పంపి ఉంటే బాగుండేది.

నాలుగు చెరువులకు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ట్రేలు లాగి చూస్తాను. ఏ మూల రొయ్యకు కడుపు నిండిందో చెప్పగలను. ఇంట్లో ఒక పిల్ల రాత్రికి రెండు పళ్ళేలు తింటోందని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఆరున్నరకు నేను చెరువు గట్టున ఉంటాను, ఎనిమిదికి విజయభాస్కర్ అన్న షాపులో కూర్చుని ప్రపంచ పిల్లల గురించి వాదిస్తుంటాను.

అమ్మను నిలదీశాను.

"రెండుసార్లు ఎట్ట పెట్టినావమ్మా? డాక్టరు చెప్పినాడు గదా!"

"చేపముక్కే గదరా పెట్టింది, విషమా?"

"ఆరున్నరకే పెట్టేసినానని అక్కకు ఒక్క ముక్క చెప్పుంటే పోయేది గదా?"

"ఏం చెప్పమంటావురా? నీ బిడ్డ తినేసింది, నువ్వింక చూడబళ్ళేదు అని చెప్పాల్నా? ఆ పిల్ల ఎడారిలో ఎవురి బిడ్డకో తినిపిస్తుండాది. దాని బిడ్డ తినేది గూడా చూడొద్దంటే ఎట్ట బతకద్ది?"

"అయితే ఎనిమిదికే పెట్టుండొచ్చు గదా, ఒక్కసారే."

"పొద్దుగూకినాక అంతసేపు బిడ్డను ఆకలితో కూర్చోబెడతానా? నిద్దరకు జోగతది."

ఇంతకాలం ఒక శత్రువుండేవాడు. డబ్బా మీద మీసాలవాడు, పామాయిలు, చిన్నపోలయ్య. ఇప్పుడు చూస్తే ఆరున్నరకు పెట్టిన అమ్మ, ఎనిమిదికి చూసిన నువ్వు, తిన్న సుబ్బు, ఏమీ చూడని నేను. ఎవరి మీద కరపత్రం వేయమంటావు?

కరపత్రాలు వెనక్కి తీసుకుందామని ఇల్లిల్లూ తిరిగాను. సగం దొరికాయి. మిగతావి చిన్నపోలయ్య దగ్గరున్నాయి, వాటిలో బజ్జీలు కట్టి ఇస్తున్నాడు. "నూనె బాగా పీలుస్తది అబ్బయా నీ కాగితం, ఇంకో కట్ట ఎయ్యిపో" అన్నాడు.

డిసెంబరు దగ్గరికొస్తోంది. రెండో పళ్ళెం ఆపాలి. అది నేను ఆపలేను, అమ్మ ఆపదు. ఆపాల్సింది నువ్వే. ఇది చెప్పే అర్హత నాకు లేదని నువ్వు రాస్తావు. రాయి. కానీ ఆపు.

పెంచల

—

సాల్మియా, కువైట్.
సెప్టెంబరు 29.

పెంచలా,

జవాబు ఆలస్యమైంది. రాద్దామని కూర్చుంటే ఏ వాక్యమూ తిట్టుగా మారలేదు. నాకు తిట్లు కూడా రాకుండా పోయాయంటే నా స్థితి అర్థం చేసుకో.

పొద్దుగూకేలోపల తినే ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. నాయన తెల్లారుజామున పడవ దించేవాడని అమ్మ ఎప్పుడూ వెలుతురుండగానే వడ్డించేది. ఆ సంగతి ఎలా మరిచిపోయాను? ఇక్కడ రాత్రి పదింటికి భోజనాలు. నేనూ ఆ గడియారంలోకి మారిపోయి, ఎనిమిదికి నా బిడ్డ ఆకలిగా ఉంటుందనుకున్నాను. అది ఫోను ముందుకొచ్చి ఆవలిస్తుంటే, ఆకలి ఆవలింతలనుకున్నాను!

ఇక్కడ ఫహద్ ఫ్రిజ్ తాళంచెవి నా మెడలో వేసుకుని తిరుగుతాను. ఒక్క ముక్క అదనంగా తింటే మామాకు చెబుతాను. అందుకు నాకు మంచి పేరుంది. ఆ పేరుతోనే గదిలోకి పోయి, తలుపేసుకుని, నా బిడ్డను నిండిన కడుపు మీద ఇంకో ముద్ద తినమని బతిమాలాను. ఆరేళ్ళు.

సరే, పళ్ళెం వద్దన్నాను. సోమవారం ఫోను చేసి, "సుబ్బూ, ఈ రోజు నుంచి తినబళ్ళేదు, ఊరికే మాట్లాడుకుందాం" అన్నాను. సరేనంది. నేను దాన్ని చూశాను, అది నన్ను చూసింది. బడి ఎలా ఉందంటే బాగుందంది. వాన పడిందా అంటే లేదంది. అంతే. ఇన్నాళ్ళూ మేం మాట్లాడుకున్నదంతా పులుసు గురించేనని అప్పుడు తెలిసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు ఫోను చేయాలంటే భయమేసింది, నవ్వుకో.

ఆ మూడో రోజు అదే అడిగింది: "మా, నువ్వు తిన్నావా?"

ఆరేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేదురా. అబద్ధం చెప్పబోయి ఆగాను. ఏం తింటున్నానో చూపించాను. మధ్యాహ్నం మిగిలిన రొట్టె, చల్లారిపోయిన టీ. పొయ్యి పక్కన నిలబడే తింటున్నాను.

"ఇదేనా? కూర్చో ముందు" అంది. గొంతు అచ్చం అమ్మది. కూర్చున్నాను.

నువ్వు దాన్ని రేపు బడికి చేయి పట్టుకుని తీసుకుపో. వెక్కిరించినవాళ్ళకు ఉపన్యాసం ఇవ్వకు. నీ ఉపన్యాసం వింటే ఎవరికైనా ఆకలేస్తుంది.

అక్క

—

పట్టపుపాళెం.
డిసెంబరు 14.

రోజక్కకు,

నెల్లూరు నుంచి ఇప్పుడే వచ్చాం. ఆటోలో కూర్చునే ఫోను చేద్దామంటే సుబ్బు ఒప్పుకోలేదు, ఎనిమిదికి తనే చెబుతుందట. కాబట్టి నువ్వు ఏమీ తెలియనట్టు ఆశ్చర్యపోవాలి.

మాత్రలు లేవు. సెప్టెంబరు నుంచి బరువు కదల్లేదు, ఎత్తు మాత్రం పెరిగింది. చక్కెర గీత కిందికి దిగింది. డాక్టరు కాగితం చూసి, "ఏం చేశారు?" అని అడిగారు. నేను గొంతు సవరించుకున్నాను. చిలీ నుంచి మొదలుపెట్టబోతుంటే సుబ్బు అడ్డొచ్చి, "ఒకసారే తింటుండా సార్" అంది. ఆయన నావైపు చూశారు. నేను గోడ మీద ఉన్న పటం చూశాను. అయితే ఇంకా చాలా దూరం పోవాలన్నారు, వేసవిలో మళ్ళీ రమ్మన్నారు. విప్లవాన్ని కూడా ఇలా వేసవికి వాయిదా వేస్తారని నాకు తెలియదు.

బడికి పోతోంది. నేను ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం రాలేదు. మొన్న ఎవడో "పది కౌంటూ" అని పిలిస్తే, వెనక్కి తిరిగి, "పది కౌంటుకే రేటెక్కువరా, పో, నువ్వు నూరు కౌంటు" అందట. ఆ మాట చెరువు మీద కూలీల దాకా వచ్చింది. ఇప్పుడు వాళ్ళు నన్ను చూసి నవ్వుతున్నారు. నవ్వనీ.

కరపత్రం ఇంకోటి రాయమని విజయభాస్కర్ అన్న అడుగుతున్నాడు. పిల్లల బంకు సరుకు మీద రాస్తాను, వదలను. కానీ ఈసారి ఎవరింటి పిల్లా ఉండదు. టీలో చక్కెర తగ్గించాను. అమ్మ దిష్టి తీసింది.

పెంచల

—

సాల్మియా, కువైట్.
డిసెంబరు 20.

ఒరే పెంచలా,

ఆశ్చర్యపోయాను. నువ్వు చెప్పినదానికన్నా బాగా ఆశ్చర్యపోయాను, సుబ్బును అడుగు. ఫోను పెట్టాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఫహద్ వచ్చి ఉల్లిపాయలా అని అడిగాడు. అవునన్నాను.

ఇక్కడో మార్పు జరిగింది. రెండు నెలల కింద వాడి డాక్టరు, రాత్రి పదింటి తిండి మానేయండి, ఇంటిల్లిపాదీ పొద్దుండగానే తినండి అన్నాడట. పట్టపుపాళెం పద్ధతి ఎవరు చెప్పారో ఆ మహానుభావుడికి! మామా గట్టిగా పట్టుకుంది. ఐదుకల్లా అందరి భోజనాలూ అయిపోతున్నాయి, పనివాళ్ళతో సహా. నన్నూ కూర్చోబెట్టి అన్నం, మాంసం పెడుతున్నారు. కడుపునిండా తింటున్నాను. ఐదున్నరకు సుబ్బుకు ఫోను.

అది మాత్రం మొదట "పళ్ళెం చూపియ్" అంటుంది. గోడకు ఆనుకుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది. నేను ముద్ద పెట్టుకోగానే నవ్వుతుంది. "ఇంకొక్కటి మా, నాకోసం" అంటుంది. ఆ ఇంకొక్కటికీ నవ్వుతుంది. నేను నాలుగు కిలోలు పెరిగాను. మామా నన్ను కూడా మాల్‌లో వేగంగా నడవమంటోంది.

అప్పటికే తినేశానని సుబ్బుకు చెప్పలేదు. నువ్వు కూడా చెప్పొద్దు.

రోజక్క